అప్పు, పొదుపు, లెక్కపుస్తకము

మన పాఠశాల నెలకొన్న సౌకార్‌పేటకు ఆ పేరు ఎట్లు వచ్చినదో విద్యార్థులలో కొందఱికి తెలియకపోవచ్చును. సాహుకారు అను హిందూస్థానీ పదమునకు వర్తకుడనియు, వడ్డీకి ధనమిచ్చువాడనియు అర్థము. అదియే తెలుగున షావుకారు అయినది. తంగసాల వీధియందును, దాని చుట్టుప్రక్కల సందులయందును కొట్లు పెట్టుకొని స్థిరపడిన వర్తకులను బట్టి ఈ భాగమునకు ఆ పేరు కలిగెను. 1950 లో ఈ చెన్నపట్టణముననే నిర్మింపబడిన ‘షావుకారు’ అను తెలుగు చలనచిత్రమున ఒక పల్లెటూరి వడ్డీవ్యాపారి ముఖ్యపాత్ర. అందు నాయికగా నటించిన జానకిగారికి ఆ చిత్రము పేరే ఇంటిపేరుగా నిలిచిపోయినది. షావుకారు అను మాట వినగానే తెలుగువారికి పట్టణపు కొట్టుకంటె ముందు పల్లెటూరి అరుగు, అరుగుమీది పెట్టె, పెట్టెలోని చిట్టా తలపునకు వచ్చును.

షావుకార్లను నిందించుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. అవసరమునకు ధనమిచ్చువాడు లేనిచో పల్లెలో విత్తనము నేలపడదు, పెండ్లి జరుగదు, రోగికి మందు దొరకదు. అయినను అప్పు పల్లెటూరి బీదవానిని ఏల వదలదో, దానిని వదలించుటకు మన తెలుగు జిల్లాలలో స్త్రీలు చేసిన ప్రయత్నమెట్టిదో, అది ఎంతవరకు ఫలించి ఎచ్చట చెడినదో మన బాలబాలికలు తెలిసికొనదగినది. ఆ ప్రయత్నపు జయాపజయములు రెండును ఒక్క వస్తువు చుట్టు తిరుగుచున్నవని నాకు తోచుచున్నది. ఆ వస్తువు లెక్కపుస్తకము. అది ఎవరి చేతిలో నున్నదో చూచినచో తక్కిన సంగతులు చాలవరకు బోధపడును.

ముందుగా వడ్డీ మాట. బ్యాంకులవారు వడ్డీని సంవత్సరమునకు నూటికి ఇంత అని చెప్పుదురు. మన పెద్దలు నెలకు నూటికి ఇంత అని చెప్పుదురు. రూపాయి వడ్డీ అనగా నెలకు నూటికి ఒక రూపాయి, సంవత్సరమునకు పండ్రెండు. రెండు రూపాయల వడ్డీ ఇరువదినాలుగు, మూడు రూపాయల వడ్డీ ముప్పదియాఱు, ఐదు రూపాయల వడ్డీ అఱువది. పావలా వడ్డీ అనగా సంవత్సరమునకు మూడు మాత్రమే. ధాన్యమును అప్పిచ్చి, పంట చేతికి వచ్చినప్పుడు ఒకటికి ఒకటిన్నర కొలిపించుకొనుటకు నాము అని పేరు. నాటునకు, కోతకు నడుమ ఐదాఱు నెలలే గదా! సంవత్సరపు లెక్క వేసినచో అది నూటికి నూరు అగును. ‘మూడు రూపాయలే’ అను మాట చెవికి స్వల్పముగా వినబడును. మాట స్వల్పమగుటచేతనే మోసము పెద్దదగుచున్నది.

దీనికి దృష్టాంతము మన నగరముననే కలదు. ఉదయమున తోపుడుబండిపై పండ్లు అమ్మువారు టోకు వర్తకుని వద్ద వెయ్యి రూపాయల సరకు అప్పుగా తీసికొని, సాయంకాలము దాదాపు 47 రూపాయలు చేర్చి తీర్చుచుండుటను అర్థశాస్త్రజ్ఞులైన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోలు తమ గ్రంథమున చెన్నపట్టణపు ఉదాహరణముగా వ్రాసిరి. దినమునకు 47 చొప్పున 300 దినములకు 14,100 రూపాయలు. అసలు మాత్రము వెయ్యియే. అదియు సంవత్సరాంతమున తీరక అట్లే యుండును. ఈ స్త్రీలు లెక్క తెలియనివారు కారు. చిల్లర లెక్కలో వారిని మించువారు లేరు. కాని నేటి వెయ్యి నేడే కావలెను. మఱొక చోట పుట్టదు.

పల్లెలో ఈ చిక్కు ఇంకను గట్టిది. జీతగానికి నెలనెలకు రాబడి. రైతుకు సంవత్సరమునకు ఒకటి రెండు మాఱులు రాబడి. కూలికి పనులున్న నెలలలో మాత్రమే రాబడి. ఆకలి మాత్రము ముగ్గురికిని దినదినము వేయును. ఈ ఎడమును పూడ్చునది అప్పు. వర్షము తప్పినచో, ఎద్దు చచ్చినచో, ఇంట ఒకరు మంచము పట్టినచో, ఎడమును పూడ్చుటకు తెచ్చిన అప్పు గొయ్యిగా మాఱును. పంటను అప్పిచ్చినవానికే, అతడు చెప్పిన ధరకే కొలువవలసి వచ్చును. బీదరికమనగా ధనము లేకపోవుట మాత్రమే కాదు. ధర చెప్పు అధికారము లేకపోవుటయు బీదరికమే.

ఈ రోగమునకు చికిత్స వెదకుట మన చెన్నపట్టణమునందే ఆరంభమైన సంగతి చాలమంది ఎఱుగరు. మద్రాసు ప్రభుత్వము ఫ్రెడరిక్ నికల్సన్ అను ఐ.సి.ఎస్. ఉద్యోగిని వ్యవసాయ బ్యాంకులను గూర్చి పరిశీలింప నియమింపగా, ఆయన ఐరోపా దేశముల పద్ధతులను చూచి 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదికను సమర్పించెను. జర్మనీలో రైఫైజన్ అను గ్రామాధికారి బీదరైతులను సంఘములుగా కూర్చి, ఒకరికొకరు జామీనుగా నిలిచి, తమ పొదుపునే తాము అప్పుగా తీసికొనునట్లు చేసిన పద్ధతి మన పల్లెలకు తగునని ఆయన నిర్ణయించెను. దాని ఫలితముగా 1904 లో సహకార పరపతి సంఘముల చట్టము పుట్టినది. ఆ సంవత్సరమే చెంగల్పట్టు జిల్లా తిరూరులో రైతుల సంఘమును, మన తిరువల్లిక్కేణిలో పట్టణ సహకార సంఘమును ఏర్పడినవి.

అర్ధశతాబ్దము గడచిన పిదప ఫలమెంత? 1951-52 లో రిజర్వు బ్యాంకువారు దేశమంతట గ్రామీణ పరపతి సర్వే జరిపించిరి. రైతులు తెచ్చిన అప్పులో సహకార సంఘముల వంతు నూటికి 3.1 మాత్రమే. వడ్డీవ్యాపారుల వంతు దాదాపు డెబ్బది. ఈలోగా 1938 లో రాజాజీ మంత్రివర్గము మద్రాసు వ్యవసాయదారుల ఋణవిముక్తి చట్టమును చేసి, పాత బాకీలలో అసలునకు రెండింతలు చెల్లించినవానికి బాకీ పూర్తిగా తీరినట్లే యని శాసించెను. వడ్డీ అసలును మించరాదను నియమము మన ధర్మశాస్త్రములలోనిదే. చట్టము పాత అప్పును తుడిచినది గాని, క్రొత్త అప్పునకు చోటు చూపలేదు.

సహకార సంఘము ఏల వ్యాపింపలేదు? కారణములు పెక్కు చెప్పుదురు. నాకు ముఖ్యముగా కనబడునది ఇది: సంఘమున అప్పు పుట్టవలెనన్న పొలము చూపవలెను. పొలము లేని కూలివానికి అందు చోటు లేదు. పొలము పట్టా పురుషుని పేర ఉండుటచేత స్త్రీకి అసలే లేదు. ఉన్నవారికిని సంఘపు పుస్తకములు ఊరి పెద్దయింటనో, కార్యదర్శి బీరువాలోనో ఉండెడివి. సభ్యుడు వ్రేలిముద్ర వేసి వచ్చును. దేనికి వేసెనో ఎఱుగడు. షావుకారు చిట్టా పోయి సర్కారు చిట్టా వచ్చినది. చిట్టా మాత్రము తన చేతికి రాలేదు.

1969 లో 14 పెద్ద బ్యాంకులు జాతీయము చేయబడినవి; 1975 లో గ్రామీణ బ్యాంకులు పుట్టినవి; 1978 లో సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకము వచ్చినది. ఈ చివరిదానిలో ప్రభుత్వము కొంత సబ్సిడీ, బ్యాంకు కొంత అప్పు ఇచ్చి, బీదకుటుంబమునకు పాడిగేదెయో, గొఱ్ఱెలో, కుట్టుమిషనో సమకూర్చెడివారు. గేదె వచ్చెను, గడ్డి యెవరిత్తురు? పాలు కొనువారెవరు? ఈ ప్రశ్నలకు కాగితముమీద జవాబు లేదు. 1982 లో ఈ పథకమునకు అనుబంధముగా గ్రామస్త్రీల కొఱకు డ్వాక్రా అను కార్యక్రమము ఏర్పడినది. పది పదునైదుగురు స్త్రీలు ఒక జట్టుగా కూడవలెను అనునది అందలి నియమము. ఆ పొడి ఆంగ్లాక్షరముల కూర్పే నేడు తెలుగునాట ‘మా డ్వాక్రా’ అని స్త్రీలు చెప్పుకొను ఇంటిమాట అయినది. అట్లగుటకు కారణము ప్రభుత్వపు ఉత్తరువు కాదు. నెల్లూరు జిల్లా స్త్రీలు.

నెల్లూరు మనకు పొరుగు. 1953 వఱకు మద్రాసు రాష్ట్రములోనిదే. ఆ జిల్లాలో 1990 ప్రాంతమున అక్షరాస్యతా ఉద్యమము నడచినది. రాత్రివేళ స్త్రీలు కూడి అక్షరములు దిద్దుచు, తమ బ్రదుకులను గూర్చి మాటలాడుకొన సాగిరి. కూలిడబ్బు ఇంటికి రాకుండ సారాదుకాణమునకు పోవుచుండుటయే ఆ మాటలలో ముఖ్యమైనది. 1992 లో దూబగుంట గ్రామపు స్త్రీలు తమ ఊరిలో సారా అమ్మకమును ఆపించిరి. వారిలో రోశమ్మగారి పేరు దేశమంతట వినబడినది. ఆమె 2016 లో కాలధర్మము నొందిరి. ఊరినుండి ఊరికి ఆ నిప్పు ప్రాకెను. స్త్రీలు సారా వేలముపాటలను అడ్డగించిరి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. 1995 లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము రెండేండ్లకే సడలిపోయిన సంగతి వేఱు కథ.

సారా ఆగినచోట చేతిలో కొంత కూలిడబ్బు మిగిలెను. దానిని దాచుకొందమను ఆలోచనకు ‘పొదుపులక్ష్మి’ యని పేరు పెట్టిరి. దినమునకు ఒక్క రూపాయి, నెలకు ముప్పది. పది పదునైదుగురు ఒక సంఘము. ఇది చదివి చిఱునవ్వు నవ్వువారుందురు. పండ్రెండుగురు నెలకు ముప్పది చొప్పున వేసినచో 360, సంవత్సరమునకు 4,320. ఆ కాలమున ఆ మొత్తమును ఒకచోట చూచిన కూలిస్త్రీ యెవరు? అంతకంటెను ముఖ్యమైనది, ఆ ధనమును అప్పుగా ఇచ్చువారును, తీసికొనువారును, వడ్డీ ఎంతయని నిర్ణయించువారును వారే. నెలకు నూటికి రెండు రూపాయలు వడ్డీ పెట్టుకొన్నను, ఆ వడ్డీ ఊరు దాటిపోదు. సంఘపు పెట్టెలోనికే తిరిగివచ్చును. షావుకారుకు కట్టిన వడ్డీ ఇల్లు విడిచిన బిడ్డవంటిది. సంఘమునకు కట్టిన వడ్డీ ఇంటిలో ఒక గదినుండి మఱొక గదికి పోయిన బిడ్డవంటిది.

కొన్నేండ్ల క్రిందట ఆ జిల్లాలోని మా బంధువుల గ్రామమున ఇట్టి సంఘపు సమావేశమునొకదానిని చూచు అవకాశము నాకు కలిగెను. వేపచెట్టు క్రింద చాప పఱచిరి. అందఱును గుండ్రముగా కూర్చుండిరి. ఎవరికిని కుర్చీ లేదు. పదవ తరగతి చదివిన ఒక కోడలుపిల్ల పుస్తకము తెఱచి పేరుపేరున చదువ నారంభించెను. ఒక ముసలమ్మ నడుమ ఆపి, “ఏందమ్మే, పోయిన నెల నేను అప్పులో రెండొందలు ఎక్కువ కట్టాగదా, అది చదవలేదే?” అని అడిగెను. ఆ పిల్ల వెనుకటి పుట త్రిప్పిచూచి, “రాశానత్తా, ఈ పేజీకి ఎక్కించడం మరిచిపోయినా” అని అందఱి యెదుట దిద్దెను. అంతకంటె ఏమియు జరుగలేదు. ఎవరును కోపింపలేదు, ఎవరును తలవంచుకొనలేదు. ఆ ముసలమ్మకు చదువు రాదు. కాని తన లెక్క చెవితో వినును, నోటితో అడుగును. షావుకారు అరుగుమీద ఆమె తల్లి ఇట్లు అడుగగలిగియుండెడిదా?

ఈ సంఘములకు ఐదు నియమములు చెప్పుదురు: క్రమముగా కూడుట, క్రమముగా పొదుపు చేయుట, తమలో తాము అప్పులిచ్చుకొనుట, వాయిదా తప్పక తీర్చుట, లెక్క సరిగా వ్రాయుట. అందఱును మొదటి నాలుగింటిని మెచ్చుకొందురు. ఐదవది లేనిదే మొదటి నాలుగును ఒక ఏడాదికంటె నిలువవని అనుభవజ్ఞులందురు. తగవులు ధనము తక్కువై రావు. ఎవరెంత కట్టిరో నమ్మకముగా తెలియక వచ్చును.

పొదుపుతోనే బీదరికము పోదు. పెద్ద మొత్తము బయటినుండి రావలెను. 1982 లో స్థాపింపబడిన నాబార్డు అను జాతీయ వ్యవసాయ బ్యాంకు 1992 లో 500 సంఘములతో ఒక ప్రయోగమును ఆరంభించినది. కొన్ని నెలలు సక్రమముగా పొదుపుచేసి, లెక్క వ్రాసికొన్న సంఘమునకు, పొలము తాకట్టు అడుగకయే బ్యాంకు ఆ పొదుపునకు కొన్ని రెట్లు అప్పిచ్చును. లెక్కపుస్తకమే జామీను! నికల్సన్ కోరినది దాదాపు నూఱేండ్లకు ఈ రూపమున నెఱవేఱినదనవచ్చును. అటుపిమ్మట ఐక్యరాజ్యసమితి సాయముతో అనంతపురము, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల మండలములలో జరిగిన పని నుండి, 2000 లో ప్రపంచబ్యాంకు ఋణముతో ‘వెలుగు’ అను పెద్ద పథకము పుట్టినది. దానిని నడుపుటకు సెర్ప్ అను గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఏర్పడినది. సంఘములు కూడి గ్రామసంఘము, గ్రామసంఘములు కూడి మండల సమాఖ్య, అవి కూడి జిల్లా సమాఖ్య యైనవి. 2004 నుండి పావలా వడ్డీ వచ్చినది; వాయిదా తప్పని సంఘమునకు మూడింటికి మించిన వడ్డీని ప్రభుత్వము తిరిగి ఇచ్చెడిది. 2012 నుండి వడ్డీ లేని ఋణములు వచ్చినవి. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలపు స్త్రీలు తమ సమాఖ్యను ఎంత దృఢముగా నడిపిరనగా ఇతర ప్రాంతములవారు అచ్చటికి నేర్చుకొన వచ్చిరి. బీహారు మొదలగు రాష్ట్రములలో సంఘములు పెట్టునప్పుడు మన తెలుగు స్త్రీలే అచ్చటికి పోయి, భాష రాకయే, నేలమీద కూర్చుండి పుస్తకము వ్రాయుట నేర్పిరి. 2011 లో భారతప్రభుత్వము దేశమంతటికి జాతీయ గ్రామీణ జీవనోపాధి కార్యక్రమమును ఆరంభించునప్పుడు ఆంధ్రదేశపు అనుభవమును ఒక మాదిరిగా గ్రహించినది.

ఇంతవఱకు జయగాథ. ఇక చెడిన కథ చెప్పవలెను. అది దాచినచో విద్యార్థులకు అన్యాయము చేసినవాడనగుదును.

1976 లో బంగ్లాదేశమున చిట్టగాంగు సమీపమునందలి జోబ్రా గ్రామమున ముహమ్మద్ యూనస్ అను ఆచార్యుడు బీదస్త్రీలకు స్వల్పమొత్తములు అప్పిచ్చుటకు ఆరంభించెను. అది 1983 లో గ్రామీణ బ్యాంకు అయినది. 2006 లో ఆయనకును ఆ బ్యాంకునకును నోబెల్ శాంతి బహుమానము లభించినది. దానిని చూచి మన రాష్ట్రమునకు సూక్ష్మఋణ సంస్థలు వచ్చినవి. పైకి చూచుటకు ఇవియు స్త్రీల జట్లే. కాని పొదుపు లేదు, అప్పు మాత్రమే. వారము వారము సంస్థ ఉద్యోగి వచ్చును. పుస్తకము అతని సంచిలో ఉండును. ఒకరు కట్టలేకపోయినచో తక్కినవారు కట్టవలెను. ఒక సంస్థ అప్పు తీర్చుటకు రెండవ సంస్థ అప్పు, దానిని తీర్చుటకు మూడవది.

వడ్డీని చెప్పు తీరును చూడుడు. వెయ్యి రూపాయలు అప్పు. 50 వారములలో వారమునకు 23 రూపాయల చొప్పున తీర్పవలెను. మొత్తము 1,150. ‘నూటికి పదునైదే’ యని చెప్పుదురు. కాని వారమునకు 20 చొప్పున అసలు తగ్గుచుండును గదా! మొదటి వారము ఆమె చేతిలోనున్నది 1,000. రెండవ వారము 980. చివరి వారము 20. సగటున ఆమె వద్ద నున్న సొమ్ము 510 మాత్రమే. 510 కి 150 వడ్డీ యన్నచో నూటికి ఇంచుమించు ముప్పది. పదునైదు అని విన్నది ముప్పది కట్టుచున్నది. ఈ గణితము మన తొమ్మిదవ తరగతి బాలునికి వచ్చును. పుస్తకము చేతికిచ్చి చదువనిచ్చినచో ఆ ముసలమ్మయు పసిగట్టెడిది.

2006 లో కృష్ణాజిల్లాలో అధికారులు ఇట్టి సంస్థల శాఖలను దాదాపు 50 మూయించిరి. అయినను వ్యాపారము తగ్గలేదు. 2010 ఆగస్టున ఎస్.కె.ఎస్. అను హైదరాబాదు సంస్థ వాటాలు స్టాకుమార్కెట్టునకు ఎక్కినవి. కొలది నెలలలోనే బలవంతపు వసూళ్లను గూర్చియు, ఋణగ్రస్తుల ఆత్మహత్యలను గూర్చియు పత్రికలు వ్రాసినవి. అక్టోబరు 15 న ప్రభుత్వము ఆర్డినెన్సు చేసెను. తరువాత అది చట్టమైనది. వారపు వసూలు కూడదు, నెలవారీగా, అందఱికిని కనబడు చోటనే వసూలు చేయవలెను. వడ్డీ అసలును మించరాదు. మరల ఆ పాత ధర్మశాస్త్ర నియమమే! అప్పులు కట్టుట ఒక్కసారిగా ఆగిపోయినది. సంస్థలు రాష్ట్రమున క్రొత్త అప్పులిచ్చుట మానినవి. ఇది స్త్రీలకు పూర్తిగా మేలు చేసినదని చెప్పలేము. ఈ సంస్థలు ఇతర రాష్ట్రములందును అప్పులు తగ్గింపవలసి రాగా, అచ్చటి పల్లెలలో కూలిరేట్లు పడినవని అర్థశాస్త్రజ్ఞులు తరువాత లెక్కకట్టిరి. చెడ్డ అప్పును ఆపుట ఒక పని. మంచి అప్పును ఆ చోట నిలుపుట మఱొక పని. మొదటిది ఒక రాత్రిలో అగును.

ఋణమాఫీల సంగతిని గూర్చి ఇచ్చట విస్తరింపను. 2014 తరువాత ఆంధ్రప్రదేశమున సంఘముల బాకీలను ప్రభుత్వమే తీర్చునను వాగ్దానములు, పథకములు వచ్చినవి. అవి ఎన్నికల విషయములు. పాఠశాల పత్రికకు తగినవి కావు. వాయిదా కట్టిన స్త్రీకంటె కట్టని స్త్రీకి ఎక్కువ లాభము కలుగునను భావము పుట్టినప్పుడు వేపచెట్టు క్రింది సమావేశమునకు వచ్చువారు తగ్గుదురని మాత్రము చెప్పి ఊరకుందును.

అప్పు అందఱికిని మందు కాదనుటకు మెదకు జిల్లాలో జరిగిన ఒక పరిశీలన నిదర్శనము. బంగ్లాదేశమున బ్రాక్ అను సంస్థ కడుబీదలకు అప్పు గాక, ఉచితముగా పశువులిచ్చి, కొన్నాళ్లు తోడునిలిచి దారిచూపు పద్ధతిని 2002 నుండి నడిపినది. అట్టిదే మెదకులో చేసిరి. ఇతర దేశములలో ఆ పద్ధతి చక్కగా ఫలించినది. మెదకున మాత్రము, పశువులు పొందినవారి రాబడియు, పొందనివారి రాబడియు కొన్నేండ్లకు సమానముగా ఉండెను. ఏలననగా ఆ కాలమున అచ్చట వ్యవసాయకూలి ధరలు పెరుగుచుండెను. గేదెను చూచుకొన్నవారు కూలికి పోవుట తగ్గించుకొనిరి, ఒకదాని లాభము మఱొకదాని నష్టముతో సరిపోయెను. కొందఱు పశువులను అమ్మి అప్పులు తీర్చుకొనిరి. వారు తెలివితక్కువవారని నేననుకొనను. కూలి గట్టిగా దొరకు ఊరిలో గేదెకంటె కూలియే మేలని వారు తమ లెక్క తాము వేసికొనిరి.

చదువు రానిచోట లెక్క ఎట్లు అను ప్రశ్నకు ఆఫ్రికా ఖండమునందలి నైజరు దేశపు పల్లెస్త్రీలు ఒక ఉపాయము చూపిరి. 1991 లో కేర్ అను సంస్థ తోడ్పాటుతో అచ్చట ఆరంభమైన పొదుపు జట్ల పద్ధతి ఇతర దేశములకు వ్యాపించినది. ఈ పద్ధతిలో జట్టుకు ఒక పెట్టె. దానికి మూడు తాళములు. మూడు తాళపుచెవులు ముగ్గురు స్త్రీల వద్ద. అందఱును కూడిననే గాని పెట్టె తెఱవబడదు. సమావేశాంతమున పెట్టెలో ఎంతయున్నదో గట్టిగా చెప్పి అందఱిచేతను జ్ఞాపకముంచుకొనజేయుదురు. పుస్తకము లేనిచోట పదిమంది జ్ఞాపకమే పుస్తకము.

మనకు మరింత దగ్గఱి సంగతితో ముగింతును. తమిళనాడున ఈ స్వయంసహాయ జట్లు 1989 లో ధర్మపురి జిల్లాలో మొదలైనవి. కృష్ణగిరి, హోసూరు ప్రాంతములు అప్పుడు ఆ జిల్లాలోనివే. తెలుగువారు పెక్కుమంది తరతరములుగా నివసించు పల్లెలు అచ్చట నున్నవి. ఇంట తెలుగు మాటలాడి, బజారులో తమిళము, హోసూరు సంతలో కన్నడము కూడ మాటలాడు స్త్రీకి లెక్క ఏ లిపిలో ఉండవలెను? తెలుగుననే యుండవలెనని నేను పట్టుపట్టను. చదువగలది తమిళమైనచో తమిళముననే యుండనిండు. రిజర్వు బ్యాంకువారు 2022 లో సూక్ష్మఋణములకు చేసిన నిబంధనలలో, ఋణగ్రహీత చేతికి ఇచ్చు కార్డులోని ప్రతి వివరమును ఆమెకు అర్థమగు భాషలో వ్రాయవలెనని శాసించిరి. వడ్డీ మొత్తమెంతయో ఒక కాగితముపై ముందే చూపవలెననిరి. మన పాఠశాలకు వచ్చు బాలబాలికలలో కొందఱి ఇండ్లలో ఇట్టి కార్డులు ఉండును. తల్లి అనుమతితో ఆ కార్డును తీసి, ఏ భాషలో వ్రాయబడినదో చూచి, పైన చెప్పిన 510 లెక్కవలె సగటు కట్టి, ఆమెకు చదివి వినిపింపుడు. వచ్చిన అంకె కార్డుపై నున్న అంకెకు సరిపోనిచో కార్డు తెచ్చి గణితోపాధ్యాయులకు చూపుడు.